ఆటుపోట్ల పట్టిక

మార్చి మొదటి సోమవారం బడి తెరుస్తారు.
ముందురోజు సాయంత్రం వంటింటి బల్ల మీద
మా నయారెత్ నాలుగు రంగుల పెన్నులు పరిచింది.
చిలోయే దీవిలో వేసవి తరిగిపోతున్న వాసన,
రాలిన యాపిల్‌పళ్లు, తడి కట్టెల పొగ,
అమ్మ రబ్బరు బూట్లలోంచి కారే ఉప్పునీళ్లు.

"అన్నా, ఈ ఏడు ఒక్క గంట కూడా వృథా పోదు, చూడు."
ఐదింటికి లెక్కలు, ఎర్రగడి.
ఆరింటికి చరిత్ర, ఆకుపచ్చగడి.
ఏడింటికి మళ్లీ లెక్కలు.
భిన్నాలంటే దానికి తలపోటు,
శత్రువుని రెండు వైపులనుంచీ ముట్టడించాలట.

నేనేమీ అనలేదు.
సాల్మన్ వలల దగ్గర పద్నాలుగు రోజుల పనికి
సంచి సర్దుకుంటున్నాను.
ఆరంభశూరత్వం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.
మింగేశాను.
అది నాన్న నన్ను అన్న మాట.
పదో తరగతిలో నేనూ గీశాను అలాంటి గళ్లు,
ఇంకా బాగా గీశాను.

సముద్రానికి రంగులు తెలియవు.
మంగళవారం నాలుగింటికి ఆటు.
బుధవారం నాలుగూ యాభైకి.
గురువారం ఐదూ నలభైకి,
సరిగ్గా ఎర్రగడి నడినెత్తిన.
నీళ్లు వెనక్కి తగ్గితే నాచు ఏరాలి,
నాచు ఏరడానికి అమ్మకి నాలుగు చేతులు కావాలి,
ఉన్నవి రెండే.
శుక్రవారానికల్లా పట్టిక గోడ మీద ఉంది,
నయారెత్ మోకాలి లోతు బురదలో ఉంది.

ఇదంతా నేను తిరిగొచ్చాక విన్నది.

వచ్చేసరికి రంగుల కాగితం పొయ్యిలోకి పోయింది.
దాని చోట నౌకాదళం వాళ్ల ఆటుపోట్ల పుస్తకం
మేకుకి వేలాడుతోంది.
పక్కన కొత్త పట్టిక,
ఉత్త పెన్సిలుతో, చెరపడానికి వీలుగా.
రోజూ యాభై నిమిషాలు పక్కకి జరిగే గళ్లు,
మెట్లు దిగుతున్నట్టు.
పోటు: పుస్తకం.
ఆటు: బుట్ట.
ఆదివారం: ఏమీ లేదు. (కింద రెండు గీతలు.)

పోటు వేళ పొయ్యి పక్కన కూర్చుని చదువుతుంది.
పుస్తకం మూసేసి, ఆవిరి పట్టిన కిటికీ మీద
గుర్తున్నదంతా వేలితో రాస్తుంది.
గుర్తురాని చోట అద్దం మసకగా మిగిలిపోతుంది.
ఆ మసక కోసమే మళ్లీ పుస్తకం తెరుస్తుంది.
"చదివినదాన్ని మూడోరోజు పలకరించాలి,
లేకపోతే మొహం చాటేస్తుంది" అని
ఎలెయుతేరియో మాస్టారు చెప్పారట.
సముద్రం రోజుకి రెండుసార్లు పలకరిస్తుంది, ఇసుకని.

భిన్నాలు మాత్రం కిటికీకి లొంగలేదు.
అవి బురదలో దొరికాయి.
నాచు కుప్ప ముందు నిలబడి అమ్మ లెక్క చెబుతోంది:
"పడవవాడికి నాలుగో వంతు.
మిగిలినదాంట్లో మూడో వంతు కట్టెలకి."
నయారెత్ చేతిలో పార ఆగిపోయింది.
"అమ్మా! అయితే పడవకీ కట్టెలకీ ఒకటే వాటా!"
ఐదో తరగతితో ఆగిపోయిన అమ్మ
నడుం పట్టుకుని లేచింది.
"పదిహేనేళ్లుగా అంతే.
నువ్వు ఇప్పుడు చూశావు."

రేపు మళ్లీ నా పద్నాలుగు రోజులు మొదలు.
రాత్రి అందరూ పడుకున్నాక
టార్చి వేసి పట్టిక చూశాను.
కుడి అంచున ఒక వరుస ఖాళీగా ఉంది.
పద్నాలుగు చిన్న గళ్లు, ఏడు పెద్దవి.
పైన పేరు రాయలేదు.
దానికి అంత వెడల్పు గళ్లు అక్కర్లేదు,
దాని అక్షరాలు చీమతలకాయలు.
పెద్ద అక్షరాలు ఈ ఇంట్లో నావే.

తెల్లవారుజామున పడవ.
సంచి అడుగున, మేజోళ్ల కింద,
అది నిరుడు చదివేసిన ఏడో తరగతి లెక్కల పుస్తకం పెట్టాను.
ఎవరూ చూడలేదు.

తడుస్తుందేమో.
బయటికి తీసి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మళ్లీ పెట్టాను.